వలస పోయినవాళ్ల పిల్లల మీద సైకాలజీ ప్రాజెక్టు: ఏ పద్ధతి పెట్టుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఎం.ఎస్సీ. సైకాలజీ చదువుతున్నారు, ఊరు కోయిలకొండ దగ్గర. అమ్మానాన్నలు ముంబైకో పుణెకో పనికి పోతే అవ్వాతాతల దగ్గర ఉండిపోయిన పిల్లల మనసు ఎలా ఉంటుందన్నది మీ ప్రాజెక్టు. గైడ్ "వంద శాంపిల్ చాలు, ఏదో ఒక స్కేల్ పెట్టండి" అన్నారు. దోస్తులు గూగుల్ ఫారం పంపమంటున్నారు. పుస్తకంలో చూస్తే ప్రయోగ పద్ధతే అన్నిటికన్నా శాస్త్రీయం అని ఉంది. ఇప్పుడు ఏది పట్టుకోవాలని టెన్షన్.

పాలమూరు పల్లెల్లో ఇలాంటి అధ్యయనాలు చేస్తూ, విద్యార్థులతో చేయిస్తూ చాలా ఏళ్లు గడిపినవాణ్ని కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. పద్ధతి పేరు గురించి అంత బెంగ పెట్టుకోకండి. ఎవరిని ఎవరితో పోలుస్తున్నారు, ఏ నెలలో అడుగుతున్నారు, అడిగేటప్పుడు పక్కన ఎవరు కూచున్నారు, ఈ మూడు సరిగ్గా చూసుకుంటే మీ ప్రాజెక్టు నిలబడుతుంది. ఇవి తప్పితే లెక్కలు తీసే ఎస్‌పీఎస్‌ఎస్‌ సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని టేబుళ్లు తీసినా పనికి రావు.

ముందు ప్రయోగం సంగతి. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుంట్ పెట్టిన సైకాలజీ ప్రయోగశాలతో మన సిలబస్ మొదలవుతుంది. అక్కణ్నుంచి ప్రయోగాన్ని పెద్ద కుర్చీలో కూచోబెట్టి, సర్వేకీ కేస్ స్టడీకీ కింద చాప వేస్తారు. ప్రయోగానికి ఆ గౌరవం ఊరికే రాలేదు. ఎవరు ఏ గుంపులోకి పోవాలో చీటీ తీసి నిర్ణయిస్తాం కనుక మొదట్లో రెండు గుంపులూ దాదాపు ఒకేలా ఉంటాయి. చివర్లో కనిపించే తేడా మనం చేసిన మార్పు వల్లే వచ్చిందని ధైర్యంగా చెప్పొచ్చు. కానీ ఎవరి అమ్మానాన్నలు ముంబై బస్సెక్కాలో మీరు చీటీ తీయలేరు. ఆ చీటీ అప్పు తీస్తుంది, ఎండిన బోరు తీస్తుంది, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీస్తుంది. కాబట్టి మీది ప్రయోగం కాదు, పోలిక చూసే అధ్యయనం. అందులో నామోషీ ఏమీ లేదు. టైటిల్‌లో మాత్రం "వలస ప్రభావం" అని రాయకండి, "వలస కుటుంబాల పిల్లలు, ఇతర పిల్లలు: ఒక తులనాత్మక అధ్యయనం" అని రాయండి. వైవాలో సగం ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి.

ఇక పోలిక. ఒక గుంపు అవ్వాతాతల దగ్గర ఉన్న పిల్లలు. రెండో గుంపుగా "తల్లిదండ్రులతో ఉన్న పిల్లలు" అని రాసుకొని ఉంటారు. వాళ్లను ఎక్కణ్నుంచి తెస్తారు? మహబూబ్‌నగర్ టౌన్‌లో ఏదో ప్రైవేటు స్కూల్ నుంచి తెస్తే మీరు కొలిచేది డబ్బున్న ఇంటికీ లేని ఇంటికీ ఉన్న తేడాను. అదే ఊళ్లో వలస పోని ఇళ్ల నుంచి తెచ్చినా ఆ ఇళ్లకు రెండెకరాలు ఎక్కువ ఉండొచ్చు, బోరు పారుతుండొచ్చు, అప్పు తక్కువ ఉండొచ్చు. పిల్ల దిగులుగా ఉన్నది అమ్మ దగ్గర లేకనా, ఇంటి మీదికి అప్పులవాళ్లు వస్తున్నందుకా? ఈ ముడి పూర్తిగా విప్పలేం, కొంత సడలించగలం. రెండు గుంపులనూ ఒకే జిల్లా పరిషత్ హైస్కూల్ నుంచి, వీలైతే ఒకే తరగతి నుంచి తీసుకోండి. ప్రతి వలస ఇంటి పిల్లకూ అదే ఈడు, అదే తరగతి, దాదాపు అంతే భూమి ఉన్న మరో ఇంటి పిల్లను జతగా చూసుకోండి. భూమి, అప్పు, ఇంట్లో ఇంకా ఎవరున్నారు అన్నవి అందరి దగ్గరా రాసుకుంటే తర్వాత విశ్లేషణలో లెక్కలోకి తేవచ్చు.

"వలస" అంటే ఏమిటో కూడా ముందే తేల్చుకోవాలి. నాన్న ఒక్కడే పోయి అమ్మ ఉంటే? ఇద్దరూ పోయి నెలకోసారి వస్తుంటే? హైదరాబాద్‌లో అడ్డా కూలికి పోయి శనివారం ఇంటికి వచ్చేవాళ్లు? అందరినీ ఒకే గుంపులో వేస్తే సగటు బయటికి వస్తుంది, అర్థం మాత్రం రాదు. నేనైతే "ఇద్దరూ కలిసి, ఆపకుండా కనీసం మూడు నెలలు రాష్ట్రం బయట" అని గీత గీస్తాను. మీరు వేరే గీత గీయొచ్చు, కానీ ఫారాలు నింపడానికి ముందే గీయండి.

బడికి పోయి లెక్క తీస్తే కనబడని పిల్లలు కూడా ఉంటారు. చిన్నవాళ్లను చాలామంది వెంట తీసుకుపోతారు, బడి ఈడు వాళ్లను వదిలిపోతారు. కొందరు గురుకులాల్లో, హాస్టళ్లలో ఉంటారు. ఇంకొందరి పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, మనిషి మాత్రం పత్తి ఏరే రోజుల్లో చేన్ల మీద ఉంటాడు. మీరు వెళ్లిన రోజు తరగతిలో ఉన్నవాళ్లతోనే ఫారం నింపిస్తే ఇబ్బంది ఎక్కువున్న పిల్లలే జారిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు "వలస పిల్లలకూ మిగతావాళ్లకూ తేడా లేదు" అనే హాయైన ఫలితం వస్తుంది. హాజరు పట్టీలోని అన్ని పేర్ల నుంచీ లాటరీ పద్ధతిలో శాంపిల్ తీయండి, ఆ రోజు రానివాళ్ల ఇంటికి పోండి. గూగుల్ ఫారం గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు. ఆ ఇంటి స్మార్ట్‌ఫోన్ నాన్నతో పుణెకు పోయి ఉంటుంది, అవ్వ దగ్గరున్నది బటన్ ఫోన్. మీకు జవాబులు వచ్చేది మీ క్లాస్‌మేట్ల తమ్ముళ్ల నుంచి. మనస్తత్వ శాస్త్రం మొత్తంగానే ఈ తప్పు చేసిందని 2010లో హెన్రిచ్, హైనె, నొరెంజయాన్ రాశారు: పాశ్చాత్య దేశాల కాలేజీ పిల్లల మీద పరీక్షలు చేసి, వచ్చినదాన్ని మనుషులందరి స్వభావంగా చెప్పుకున్నారని.

నెల సంగతి చాలామంది పట్టించుకోరు. నా దృష్టిలో మీ అంశానికి ఇదే ప్రాణం. పంట పని అయ్యాక, దసరా చేసుకొని పోయేవాళ్లు పోతారు. ఉగాదికో, వానలు పడ్డాకో, పీర్ల పండక్కో వస్తారు. అమ్మ బస్సెక్కిన వారానికి అడిగితే ఒక జవాబు, మూడు నెలలు గడిచి అలవాటు పడ్డాక అడిగితే ఇంకో జవాబు. మార్చిలో అడిగితే పరీక్షల భయం కూడా అందులో కలుస్తుంది. పీర్ల పండగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి, నిరుడు ఎవరో ఇదే నెలలో చేసిన ప్రాజెక్టుతో మీ అంకెలు పోల్చడం కూడా కుదరదు.

ఈ ఇబ్బందినే మీకు లాభంగా మార్చుకోవచ్చు. 2013లో సైన్స్ పత్రికలో మణి, ముల్లైనాథన్, షఫీర్, ఝావో కలిసి రాసిన అధ్యయనం చూడండి. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను కోతకు ముందు చేతిలో డబ్బు లేనప్పుడు ఒకసారి, కోత తర్వాత డబ్బు వచ్చాక ఒకసారి పరీక్షించారు. బొమ్మల వరుసలో ఖాళీ నింపే రేవెన్ పరీక్ష, మొదట తోచిన జవాబును ఆపుకోగలరా అని అంకెలతో చూసే స్ట్రూప్ పరీక్ష పెట్టారు. అదే మనిషి డబ్బు లేనప్పుడు తక్కువ స్కోర్ చేశాడు. పేదవాణ్ని డబ్బున్నవాడితో పోల్చకుండా, ఒకే మనిషిని అతనితోనే పోల్చడం అందులోని తెలివి. చెరకు కోత అందరికీ ఒకేసారి రాదు, ఫ్యాక్టరీ ఇచ్చిన వరుసలో వేర్వేరు నెలల్లో వస్తుంది. అందువల్ల తేడా నెల వల్ల వచ్చిందనడానికి ఎక్కువ చోటు లేదు. రెండోసారి రాయడం వల్ల చెయ్యి తిరిగిందేమో అన్న అనుమానం తీర్చడానికి కొందరిని మొదటిసారే కోత తర్వాత పరీక్షించారు. విశ్లేషణ మీద తర్వాత విమర్శలు కూడా వచ్చాయి, అవీ చదవండి. డిజైన్ మాత్రం మన పల్లెకు అచ్చంగా సరిపోతుంది.

మీరు చేయాల్సింది అదే. దసరాకు ముందు సెప్టెంబర్‌లో అమ్మానాన్నలు ఇంట్లో ఉండగా ఒకసారి, డిసెంబర్‌లో వాళ్లు పోయాక ఒకసారి అవే పిల్లలను అడగండి. వలస పోని ఇళ్ల పిల్లలనూ అవే రెండు నెలల్లో అడగండి. రెండో గుంపులో వచ్చిన మార్పు చలికాలానిదీ, యూనిట్ టెస్టులదీ అనుకోవచ్చు. మొదటి గుంపులో వచ్చిన మార్పులోంచి దాన్ని తీసేస్తే మిగిలేది వలసకు దగ్గరగా ఉంటుంది. ఒక్కసారే కొలిచిన మూడు వందల మంది కన్నా, రెండుసార్లు కొలిచిన వంద మంది మీకు ఎక్కువ చెప్తారు.

అడిగేవాళ్లెవరు అన్నది మూడో సంగతి. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగిన రోజు గుర్తుందా? పేరు పోతుందేమోనని బొంబాయి నుంచి బస్సులు పట్టుకొని ఊళ్లకు వచ్చారు జనం. 2024 నవంబర్‌లో మళ్లీ ఇంటింటి సర్వే. చేతిలో కాగితం, పెన్ను పట్టుకొని ఎవరైనా గడప తొక్కితే "సర్వే సారొచ్చిండు" అంటారు. రేషన్ కార్డు కోసమో, పింఛన్ కోసమో అనుకుంటారు. అవ్వ కష్టం కొంచెం పెంచి చెప్తుంది, లేదా కొడుకు పోయిన సంగతే దాస్తుంది. అది మోసం కాదు, ఆ కాగితంతో ఆమెకు ఇన్నాళ్లూ ఉన్న అనుభవం. అధ్యయనంలో పాల్గొనేవాళ్లు మన ప్రశ్న వెనక మనకేం కావాలో ఊహించుకొని దానికి తగ్గట్టు నడుచుకుంటారని 1962లో మార్టిన్ ఆర్న్ రాశాడు. ఆయన మాట్లాడింది ప్రయోగాల గురించి, మన అరుగుల మీద అది ఇంకా బలంగా నడుస్తుంది.

కాబట్టి మొదటి రోజు ఫారం తీయకండి. ఊరికే పోయి, ఎవరింటి పిల్లో, ఏం చదువుతున్నారో చెప్పుకోండి. ఈ కాగితంతో స్కీమూ రాదు, ఉన్న స్కీమూ పోదని ఒకటికి రెండుసార్లు చెప్పండి. బడిలో అయితే హెడ్‌మాస్టర్ గారిని మర్యాదగా బయటికి పంపించడం పెద్ద కళ. టీచర్ బల్ల పక్కన నిలబడితే "నేను చెప్పిన మాట వింటాను" అనే వాక్యానికి తరగతి మొత్తం ఒకే చోట టిక్ పెడుతుంది.

స్కేల్ విషయానికి వస్తే, ఈ ఈడు పిల్లలకు గుడ్‌మన్ 1997లో ప్రచురించిన ఎస్‌డీక్యూ (పిల్లల మనసులోని ఇబ్బందులు, ప్రవర్తన చూసే ప్రశ్నావళి) సరిపోతుంది. 25 వాక్యాలు, ఒక్కోదానికి మూడే జవాబులు. 11 ఏళ్లు దాటినవాళ్లు తామే నింపొచ్చు, పెద్దవాళ్లకూ టీచర్లకూ వేరే ఫారాలున్నాయి. ఐదు, ఏడు మెట్ల స్కేళ్లు మన ఆరో తరగతి పిల్లలకు తలనొప్పి, చాలామంది ఈ కొసనో ఆ కొసనో పట్టుకుంటారు. అయితే ఒక మెలిక ఉంది. మామూలు ఎస్‌డీక్యూ గత ఆరు నెలల గురించి అడుగుతుంది. డిసెంబర్‌లో ఆరు నెలలంటే అమ్మ ఇంట్లో ఉన్న జూలై కూడా అందులో పడుతుంది, మీ రెండు కొలతలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. గత నెల గురించే అడిగే ఫాలో-అప్ ఫారం విడిగా ఉంది, దాన్ని చూడండి. దీనికి కాపీరైట్ ఉంది కనుక సొంతంగా అనువదించి వాడకండి, హక్కుదారుల దగ్గర ఏ భాషల్లో ఉందో చూసి అనుమతితో వాడండి.

ఏ ఫారం వాడినా ముందు ఓ పది మంది పిల్లలతో కూచొని, ప్రతి వాక్యం చదివించి "నీకేం అర్థమైంది, నీ మాటల్లో చెప్పు" అని అడగండి. పుస్తకాల తెలుగు ఎక్కడ అడ్డం పడుతుందో గంటలో తెలిసిపోతుంది. తండాల్లో పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, కృష్ణ, మాగనూరు వైపు పోతే కన్నడం. అలాంటి చోట తెలుగు ఫారం కొలిచేది మనసునో, తెలుగునో చెప్పడం కష్టం. మీ ప్రాజెక్టుకు ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకే పరిమితం కండి, ఆ సంగతి పరిమితుల్లో రాయండి.

పెద్దవాళ్ల ఫారం అవ్వతో నింపించాలా? నింపించండి, కానీ దాన్నీ పిల్లల ఫారాన్నీ కలిపి సగటు తీయకండి. 1987లో ఆకెన్‌బాక్, ఆయన సహచరులు 119 అధ్యయనాలను కలిపి చూశారు. పిల్లలు తమ గురించి చెప్పుకున్నదానికీ ఇతరులు చెప్పినదానికీ సగటు సహసంబంధం (సున్నా అంటే పొంతనే లేదు, ఒకటి అంటే పూర్తి పొంతన) 0.22 మాత్రమే. తల్లిదండ్రులు, టీచర్ల వంటి వేర్వేరు పాత్రల్లోని పెద్దవాళ్ల మధ్య 0.28. అన్ని అధ్యయనాల్లోనే అలా ఉంటే, "వాడు బంగారం, ఏం అల్లరి చెయ్యడు" అనే అవ్వకు, రాత్రుళ్లు నిద్ర పట్టదని ఫారంలో రాసే మనవడి బుగులు తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ తేడానే ఒక ఫలితంగా రాయండి.

వంద శాంపిల్ చాలా? రెండు గుంపుల్లో యాభై యాభై ఉంటే, మామూలుగా పెట్టుకునే 80 శాతం పవర్‌తో (పవర్ అంటే నిజంగా ఉన్న తేడా దొరికే అవకాశం), కోహెన్ లెక్కలో (సగటుల తేడాను ప్రామాణిక విచలనంతో భాగిస్తే వచ్చే అంకె) సుమారు 0.57 అంత తేడా ఉంటేనే పట్టుకోగలరు. 0.5 తేడాకు గుంపుకు 64 మంది కావాలి. 0.2 లాంటి చిన్న తేడాకు గుంపుకు దాదాపు 394 మంది, అది మీ ఒక్కరి వల్ల కాదు. పైగా ఒకే బడి పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు. ఆ పోలిక (సున్నా అంటే ఏమీ లేదు, ఒకటి అంటే అందరూ అచ్చం ఒకటే) 0.05 మాత్రమే అనుకున్నా, ఐదు బడుల నుంచి ఇరవై మంది చొప్పున తీసిన వంద మంది, సగటు అంచనా వేసే విషయంలో 51 మందితో సమానం. ఇరవై బడుల నుంచి ఐదుగురి చొప్పున తీస్తే అదే వంద 83తో సమానం. బస్సు ఖర్చు మాత్రం పెరుగుతుంది. రెండు గుంపులనూ ఒకే బడి నుంచి తీయమని పైన చెప్పడానికి ఇదీ ఒక కారణం, గుంపుల మధ్య పోలికలో బడి తేడాలు చాలావరకు కొట్టుకుపోతాయి. రెండుసార్లు కొలవడం వల్ల కూడా బలం పెరుగుతుంది. గుంపుకు 70 మందితో మొదలుపెట్టండి, డిసెంబర్ నాటికి కొందరు తగ్గుతారు.

ఇంటర్వ్యూలు వదిలేయకండి. అంకెల్లో తేడా ఉందని తెలుస్తుంది, ఎందుకో తెలియదు. పది పన్నెండు ఇళ్లు చాలు. అవ్వను కుర్చీలో కూచోబెట్టి ఫోన్ రికార్డర్ ముందు పెడితే "అంతా మంచిగనే ఉన్నం బిడ్డా" దగ్గరే ఆగిపోతుంది. పల్లీలు వలుస్తుంటే పక్కన కూచొని మీరూ వలవండి, చుట్టుపక్కలవాళ్లు లేని పొద్దు చూసుకోండి. ఎప్పుడు పోయారు, ఎప్పుడు వచ్చారు అని తేదీలు అడిగితే రావు. కురుమూర్తి జాతరకు ముందా తర్వాతా, మన్యంకొండ జాతరకు ఇంటి దగ్గర ఉన్నారా అని అడిగితే నెలలు దాదాపు సరిగ్గా వస్తాయి. జాతరలూ పంటలూ రాసుకున్న ఒక సంవత్సరం పట్టీ వెంట తీసుకుపోండి. తర్వాత ఆ మాటలను ఎలా విడదీసి ఇతివృత్తాలుగా కూర్చాలో బ్రాన్, క్లార్క్ 2006లో రాసిన పద్ధతి సులభంగా ఉంటుంది.

విశ్లేషణ గురించి ఒక్కటే. ఎస్‌డీక్యూలో ఐదు ఉపవిభాగాలు. ఆడ, మగ, పెద్ద తరగతి, చిన్న తరగతి అని విడదీస్తే ఇరవై పరీక్షలవుతాయి. ఎక్కడా నిజమైన తేడా లేకున్నా, ఆ పరీక్షలు ఒకదాంతో ఒకటి సంబంధం లేనివైతే, వాటిలో కనీసం ఒకదాని పీ-విలువ (తేడా లేకున్నా ఇలాంటి ఫలితం ఊరికే వచ్చే అవకాశం) 0.05 కన్నా తగ్గి "సిగ్నిఫికెంట్" అని రావడానికి 64 శాతం అవకాశం ఉంది. దొరికినదాన్ని పట్టుకొని ముందే అనుకున్నట్టు రాసేస్తారు విద్యార్థులు. మన దగ్గరే కాదు, 2015లో వంద సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, మొదట 97 శాతంలో వచ్చిన సిగ్నిఫికెన్స్ 36 శాతంలోనే మళ్లీ వచ్చింది. మీ ప్రధాన పరికల్పన ఏది, ఏ స్కోర్‌తో చూస్తారు అన్నది రెండు పేజీల్లో రాసి, తేదీ వేసి, ఫీల్డ్‌కు పోకముందే గైడ్ దగ్గర పెట్టండి.

అనుమతుల విషయంలో జాగ్రత్త. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పిల్లల మీద అధ్యయనానికి తల్లిదండ్రులు లేదా సంరక్షకుల సమ్మతితో పాటు, ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా కావాలి, 12 దాటినవాళ్లది రాతపూర్వకంగా. సెప్టెంబర్‌లో అమ్మానాన్నలు ఊళ్లోనే ఉంటారు కనుక రెండు విడతలకూ అప్పుడే సంతకం తీసుకోండి. అవ్వ వేలిముద్ర వేస్తే, ఫారం చదివి వినిపించినట్టు మీ బృందంలో లేని సాక్షి సంతకం ఉండాలి.

"నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను" అని పిల్లలకు గుడ్డిగా మాట ఇవ్వకండి. లైంగిక వేధింపు జరిగిందని పిల్ల చెప్తే పోక్సో చట్టం కింద తెలియజేయడం తప్పనిసరి. ఆ హద్దు ముందే చెప్పాలి. ఎవరైనా బాగా దిగులుగా, చనిపోవాలని ఉందన్నట్టు మాట్లాడితే ఫారం పక్కన పెట్టండి, పిల్లను ఒంటరిగా వదలకండి, ఇంట్లో పెద్దవాళ్లకూ మీ గైడ్‌కూ వెంటనే చెప్పండి. మానసిక సాయానికి టెలి-మానస్ 14416, పిల్లల రక్షణకు చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్లు ఒక చీటీ మీద రాసి ప్రతి పిల్లకూ ఇవ్వండి, కష్టంగా ఉందన్నవాళ్లకే ఇస్తే మిగతావాళ్లకు తెలిసిపోతుంది.

సెప్టెంబర్ మొదటి వారంలో ఫీల్డ్‌లో ఉండాలంటే జూలైలోనే కాలేజీ ఎథిక్స్ కమిటీకి ప్రతిపాదన ఇవ్వాలి, దాని కాపీ జతచేసి జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసులో బడుల అనుమతికి దరఖాస్తు పెట్టాలి. మీ గీత కింద ఎవరు వలస, ఎవరు కాదు అన్నది, ఎంచుకున్న స్కేల్, రెండు పేజీల ప్లాన్ ఇక్కడ పెడితే చూసి చెప్తాను.